ఎర్ర గీత పెట్టే విధానం

ఈ ప్రసంగం వ్రాసుకొన్న కాగితంపై ఊపిరి తీసుకోవలసిన చోట్ల ఎర్ర సిరాతో గీతలు పెట్టుకొన్నాను. కంప్యూటరు ప్రోగ్రాములో తప్పు వెదకేవారు కూడ ఇటువంటి గుర్తులే పెడతారు. ఆ గుర్తు పేరు బ్రేక్‌పాయింటు. యంత్రాన్ని అక్కడ ఆపి, దాని లోపలి లెక్కలను మనకు చూపించే సాధనం డీబగ్గర్. 1986లో రిచర్డ్ స్టాల్మన్ ప్రారంభించిన జి.డి.బి. వానిలో ప్రసిద్ధమైనది.

అయితే యంత్రానికి మన ఎర్ర గీత కనబడదు. అందుచేత డీబగ్గర్ ఆ చోటనున్న ఆదేశాన్ని పైకి తీసి భద్రపరచి, దాని స్థానంలో "ఆగుము" అనే ఆదేశాన్ని ఉంచుతుంది. ఇంటెల్ జాతి యంత్రాలలో ఈ ఆదేశం ఒకే ఒక బైటు. దాని సంఖ్య 204. అంతకంటె పొడవైనదైతే పక్క ఆదేశాన్ని కూడ చెరిపివేసే ప్రమాదమున్నది. ఆగేసరికి యంత్రపు చూపు ఒక బైటు ముందుకు పోయి ఉంటుంది గనుక, డీబగ్గర్ దానిని వెనుకకు జరపాలి. మరికొన్ని జాతుల యంత్రాలలో ఈ జరుపుడు అక్కరలేదు. ఇట్లా ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క మర్యాద!

ఇటానియమ్ మర్యాద మరీ విచిత్రం. ఇంటెల్, హ్యూలెట్-పాకర్డ్ సంస్థలు కలిసి రూపొందించగా 2001లో వెలువడిన ఈ యంత్రంలో ఆదేశాలు మూడేసి చొప్పున మూటగా వస్తాయి. ఆదేశానికి 41 బిట్లు, మూట గుర్తుకు 5, మొత్తం 128. "ఆగుము" అనే ఆదేశాన్ని ఆ మూట మధ్యలో చొప్పించాలి. కొన్ని ఆదేశాలు రెండు గదులను ఆక్రమిస్తాయి. అక్కడ మరింత జాగ్రత్త కావాలి. జి.డి.బి.లోను, లినక్సు వ్యవస్థ గర్భంలోను ఈ పని కోసం ఎవరో ఓపికతో వేరువేరుగా కోడు వ్రాసిపెట్టారు.

2021లో ఆ యంత్రాల సరఫరా ఆగిపోయింది. 2024 జనవరిలో వెలువడిన లినక్సు 6.7లో ఇటానియమ్ భాగమంతా తొలగించారు. అందులో 60 వేలకు పైగా పంక్తులు పోయాయి. బ్రేక్‌పాయింటు పెట్టే ఆ భాగం కూడ వానితోనే పోయింది.

మూలన పడి ఉంటే ఏమి నష్టమని గృహస్థు అడుగవచ్చు. అటక మీది పాత ఇత్తడి పాత్ర అన్నం అడగదు గదా! కోడు మాత్రం అడుగుతుంది. అందరికీ ఉమ్మడియైన భాగాన్ని ఎవరు సవరించినా, ఈ పాత భాగాన్ని కూడ దానికి తగినట్లు దిద్దాలి. దిద్దినది సరిగా ఉన్నదో లేదో పరీక్షించడానికి వారి దగ్గర ఆ యంత్రమే ఉండదు. పనిచేయని కోడు కంటె, పనిచేస్తున్నదో లేదో ఎవరికీ తెలియని కోడు నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది.

తీసేటప్పుడూ తొందర పనికిరాదు. పాత యంత్రం కోసమని వ్రాసిన షరతును మరొక యంత్రం నిశ్శబ్దంగా అరువు తెచ్చుకొని ఉండవచ్చు. "ఒక బైటు వెనుకకు జరుపు" అన్న పంక్తిని చెరిపితే, మరెక్కడో డీబగ్గర్ తప్పు చోటున ఆగుతుంది. తప్పులు చూపవలసినదే తప్పు చూపుతుంది.

జి.సి.సి. కంపైలరు వారి పద్ధతి నాకు నచ్చింది. ముందొక విడుదలలో "ఇది పాతబడినది" అని ప్రకటిస్తారు. ప్రత్యేకంగా కోరితే గాని అది తయారు కాదు. ఇటానియమ్‌ను 2024లో అట్లాగే ప్రకటించారు. అప్పుడు దానిని కనిపెట్టుకొని ఉంటామని స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారున్నారు. 2025 నాటి విడుదలలో ఆ ప్రకటనను ఉపసంహరించారు.