స్టేజీ మీద మన థింసా ఉంది, క్లాసులో మన మాట ఏది?

(అరకులోయలో ఆదివాసీ డిగ్రీ, పీజీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాకు మీరిచ్చిన అంశం ‘యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉపన్యాసాలు, కళలు, విద్యార్థుల కార్యక్రమాలు’. పేరు చాలా పెద్దగా పెట్టారు. నేను ఒక్క ముక్కే పట్టుకుంటాను. క్యాంపస్‌లో మనల్ని ఎప్పుడు పిలుస్తున్నారు, ఎందుకు పిలుస్తున్నారు?

మీలో కాలేజీ ఫంక్షన్‌లో థింసా ఆడినవాళ్లు చేతులెత్తండి. ఊఁ, దాదాపు అందరూ. ఇప్పుడు సెమినార్‌లో మైకు పట్టుకుని మాట్లాడినవాళ్లు ఎత్తండి. మూడు చేతులు. ఈ లెక్క చాలు నాకు, ఇవాళ మాట్లాడడానికి.

పెద్ద అతిథి వస్తున్నాడంటే గేటు దగ్గర మన అమ్మాయిలు వరసగా నిలబడాలి. డప్పు, తుడుం, మోరి వాయించేవాళ్ల కోసం ఊరికి జీపు పంపుతారు. అతిథి రెండు అడుగులు వేసి ఫొటో దిగి లోపలికి వెళ్లిపోతాడు. లోపల ఏసీ హాల్లో ‘గిరిజన సంస్కృతి పరిరక్షణ’ మీద సదస్సు మొదలవుతుంది. మనవాళ్లు బయట పులిహోర పొట్లాలు అందుకుని అదే జీపెక్కుతారు. ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు, ఏ ఒక్కరినీ అనడం లేదు. మీరు చూశారు, నేనూ చూశాను.

ఆడొద్దని నేను అనడం లేదు. థింసా మన గౌరవం. కానీ దాని లోపల ఏముందో ఆ హాల్లో ఎవరైనా అడిగారా? బొడ థింసా ఊరి దేవతకు మొక్కి ఆడేది. పొత్తర్ తోలా ఆకులు కోసే పని. గొడ్డిబేటాలో వంగుతూ లేస్తూ ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి వస్తాం. భాగ్ థింసా చూడండి. పులి మీదకొస్తే ఎలా తప్పించుకోవాలో అది నేర్పుతుంది. సగంమంది చేతులు పట్టుకుని మునివేళ్ల మీద వలయం కడతారు, మిగతావాళ్లు దాని లోపలికి దూరి పాములా చుట్టుకుంటారు. కుండా థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. పూజ, అడవి పని, ప్రమాదం, సరదా అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం లేని రోజుల్లో పిల్లలకు ఇదే సిలబస్. ఐదు నిమిషాల్లో ముగించమంటే ఏ సిలబస్ అయినా డాన్స్ ఐటమ్‌ అయిపోతుంది.

ఇంకో విషయం. మన వారపు సంతలో ఒక గంట నిలబడి చెవులు రిక్కించండి. కువి వినిపిస్తుంది, కొండదొరల కుబి వినిపిస్తుంది, ఆ రెండూ ద్రావిడ భాషలు, తెలుగుకు చుట్టాలు. గదబల గుతోబ్ వేరే, అది ముండా కుటుంబం, సవరకు దగ్గర. అందరూ కలిసి బేరమాడే ఆదివాసీ ఒడియా ఆర్యభాషల వైపుది. ఒక్క సంతలో మూడు భాషా కుటుంబాలు! భాషాశాస్త్రం చదివేవాళ్లు ఇలాంటి చోటు కోసం దేశదేశాల నుంచి వస్తారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కుబి మీద రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. ఆ పుస్తకం మాట్లాడినవాళ్ల మనవళ్లకు ఎప్పుడైనా అందిందా? మా అమ్మమ్మకు కుబి పూర్తిగా వచ్చు. మా అమ్మకు సగం వచ్చు. నాకు తిట్లు వచ్చు.

నవ్వారు గానీ, మీ ఇళ్లలోనూ ఇదే మెట్లు దిగుతోంది కదా.

ఆగస్టు 29న అన్ని కాలేజీల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకు దండ వేస్తారు, వ్యావహారిక భాష కోసం పోరాడాడని చెప్తారు. నిజమే. కానీ ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు నడిపి, 1931లో సవర భాష మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడని ఎంతమంది చెప్తారు? పిల్లలకు ఇంటి భాషలో చదువు చెప్పాలన్న మాట ఆయన సవరల మధ్య పని చేస్తూ అన్నది. ఈసారి ఆ రోజు మీ కాలేజీలో ఒక సవర విద్యార్థి మైకు అడగాలి. పది నిమిషాలు చాలు. అడిగితే కాదనడం కష్టం, ఆ రోజే అలాంటిది.

ఇలా చేయడం కుదురుతుందా అంటే, కుదిరింది. జార్ఖండ్‌లో. రామ్ దయాల్ ముండా అని ఒకాయన. ముండారి పిల్లవాడు, చికాగో యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివి, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. అక్కడే ఉండిపోవచ్చు. వెనక్కి వచ్చి 1980ల మొదట్లో రాంచీ యూనివర్సిటీలో గిరిజన, ప్రాంతీయ భాషల విభాగం నిలబెట్టాడు. ముండారి, సంతాలి, హో, కురుఖ్, ఖడియాలతో పాటు నాగ్‌పురి లాంటి ప్రాంతీయ భాషలు, మొత్తం తొమ్మిది, పీజీ స్థాయిలో. తర్వాత అదే యూనివర్సిటీకి వీసీ అయ్యాడు. వీసీ అయినా వేణువు వదల్లేదు, నగారా వదల్లేదు. ఊళ్లో ఆటపాటలకు అందరూ చేరే బయలును వాళ్లు అఖ్రా అంటారు. చదువుకు, అఖ్రాకు మధ్య గోడ ఉండకూడదని ఆయన పట్టు. ఆ విభాగం నుంచి వచ్చిన పిల్లలే తర్వాత జార్ఖండ్ రాష్ట్ర ఉద్యమంలో పాటలు కట్టారు, వ్యాసాలు రాశారు, లెక్చరర్లు అయ్యారు. గమనించండి, అక్కడ డోలు, డిగ్రీ ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాయి.

మనకూ యూనివర్సిటీ ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో మాట ఇచ్చారు. 2019లో పార్లమెంటు చట్టం చేసింది, అదే ఏడాది విజయనగరంలో తాత్కాలిక భవనాల్లో క్లాసులు మొదలయ్యాయి. సొంత భవనాలకు 2023 ఆగస్టులో దత్తిరాజేరు మండలం చినమేడపల్లి దగ్గర శంకుస్థాపన చేశారు. అది షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉంది. గిరిజన యూనివర్సిటీని కొండ కింద ఎందుకు పెట్టారని చాలామంది అడిగారు. నేనూ అడిగేవాణ్ణే. కానీ ఇప్పుడు అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ కువిలో ఒక పేపరు ఉంటుందా? గుతోబ్ చెప్పడానికి ఒక పోస్టు ఉంటుందా? మోరి వాయించే తాతకు విజిటింగ్ ఫ్యాకల్టీ అని చెక్కు రాస్తారా? అమరకంటక్‌లో 2008 నుంచి జాతీయ గిరిజన యూనివర్సిటీ నడుస్తోంది, ములుగులో సమ్మక్క సారక్క యూనివర్సిటీకి 2023 డిసెంబరులో చట్టం అయింది. బోర్డు మీద ‘గిరిజన’ అని రాయడం సులువు.

పోస్టులంటే గుర్తొచ్చింది. జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల గొడవగానే చూస్తున్నాం. ఒకటో తరగతి పిల్ల ‘నీళ్లు కావాలి’ అని ఇంటి భాషలో అడిగితే అర్థమయ్యే టీచరు ఉండాలా వద్దా అన్న గొడవ కూడా అది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అని ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వేశారు. వాచకం ఉంటే సరిపోదు, చదివించే మనిషి కావాలి. ఆ మనిషి రేపు మీలోంచే రావాలి.

అందుకే ఇక్కడి నుంచి వెళ్లాక చేయగలిగినవి చెప్తాను. ప్రభుత్వం చేయాల్సింది అడుగుదాం, అది వేరే మీటింగు.

ఈసారి మిమ్మల్ని ఫంక్షన్‌కు థింసా ఆడమంటే ఆడండి. రెండు షరతులు పెట్టండి. ఆడేముందు ఏ థింసా, ఎందుకు ఆడతారు అని మనవాళ్లలో ఒకరు మైకులో చెప్పాలి. వాయించడానికి వచ్చిన పెద్దలకు, బయటి నుంచి వచ్చే వక్తకు ఇచ్చినట్టే కవరు, భోజనం, హాల్లో కుర్చీ ఇవ్వాలి. బొడ థింసా లాంటిది స్టేజీ మీద ఆడొచ్చా అన్నది మాత్రం మీరు నిర్ణయించకండి, ఊరి పెద్దలను అడగండి. వద్దంటే వద్దు. నా మట్టుకు నాకు గేటు దగ్గర అది ఆడటం ఇష్టం లేదు, కానీ నా ఇష్టంతో పని లేదు.

హాస్టల్లో నెలకో సాయంత్రం కూర్చోండి. ఒకరు మాట్లాడాలి, తన భాషలోనే. పక్కవాడు తెలుగులో చెప్పాలి. విషయం ఏదైనా సరే, పోడు పట్టా కాగితం కావచ్చు, సికిల్ సెల్ కావచ్చు, ఇటుకల పండగ కావచ్చు. మొదటి రెండుసార్లు ఆరుగురే వస్తారు, పర్వాలేదు.

సెలవులకు ఇంటికెళ్తే ఫోన్లో అవ్వ మాట రికార్డు చేయండి. ముందు అడగండి. ఎవరు, ఏ ఊరు, ఏ రోజు అని మొదట్లోనే చెప్పించండి, లేకపోతే పదేళ్ల తర్వాత ఆ ఫైలు ఎవరిదో మీకే తెలియదు. చావు పాట, పూజ పాట రీల్స్‌లో పెట్టొద్దు. విత్తనాల పేర్లు, చెట్ల పేర్లు, వానల పేర్లు అడగండి, అవి ముందు పోతున్నాయి.

పీజీ వాళ్లకు ఒక మాట. ఎస్టీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం జాతీయ ఫెలోషిప్ ఉంది, ఏడాదికి 750 మందికి. ఈ కొండల నుంచి ఎంతమంది అప్లై చేస్తున్నాం? మన భాష మీద, మన సంత మీద, మన భూమి మీద థీసిస్ మనమే రాయొచ్చు. నోటిఫికేషన్ రాగానే గ్రూపులో పెట్టే బాధ్యత ఒకరు తీసుకోండి. ఇప్పుడే పేరు చెప్పండి, నేను రాసుకుంటాను.

సరే, ఇక ప్రశ్నలు. కువిలో అడగొచ్చు, ఒడియాలో అడగొచ్చు. నాకు అర్థం కాకపోతే పక్కనున్న చెల్లెలు చెప్తుంది.