విపత్తు వేళ ఆసుపత్రి బలం

 

వైద్యవిద్య ఒక్కొక్క రోగిని శ్రద్ధగా పరీక్షించడం నేర్పుతుంది; కానీ రైలు ప్రమాదమో, విషవాయువు లీకేజీయో, మహమ్మారియో వచ్చిపడినప్పుడు వందలమంది ఒకేసారి ఆసుపత్రి గుమ్మం ముందు నిలుస్తారు. అంతటి తాకిడిని తట్టుకునే శక్తికి నాలుగు అంగాలున్నాయి: సిబ్బంది, సామగ్రి, స్థలం, ఈ మూడింటినీ నడిపించే వ్యవస్థ. వీటిలో ఏది బలహీనమైతే ఆసుపత్రి శక్తి అక్కడే ఆగిపోతుంది కాబట్టి, పడకల సంఖ్యను మాత్రమే చూసి సన్నద్ధతను లెక్కగట్టడం ప్రమాదకరం.

2021లో కోవిడ్ రెండో దశ ఉధృతమైనప్పుడు ఇదే జరిగింది. ద్రవ ఆక్సిజన్ తయారయ్యే ఉక్కు కర్మాగారాలు ఎక్కువగా దేశానికి తూర్పున, రోగులు కిక్కిరిసిన నగరాలు పడమట, ఉత్తరాన ఉండటంతో, దానిని అతిశీతల స్థితిలో మోసే క్రయోజెనిక్ ట్యాంకర్లకు కొరత ఏర్పడి, ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు నడపవలసి వచ్చింది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై పైపుల్లో ఆక్సిజన్ పీడనం పడిపోగా, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ వైద్యులున్నారు, పడకలున్నాయి, ఊపిరే అందలేదు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో కొరవడింది సమాచారం: యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడిన మిథైల్ ఐసోసయనేట్‌కు ఏ చికిత్స చేయాలో స్పష్టంగా తెలియకుండానే వైద్యులు వేలాదిమంది బాధితులను ఆదుకోవలసి వచ్చింది.

అన్నిటికన్నా కఠినమైనది నిర్ణయం. బాధితుల పరిస్థితి తీవ్రతను బట్టి చికిత్సాక్రమాన్ని నిర్ణయించే పద్ధతిని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే, హోదాతో నిమిత్తం లేకుండా తీవ్రంగా గాయపడినవారికే ముందు చికిత్స అందించిన సూత్రం దీనికి మూలం. నేడు ఎరుపు పట్టీ తక్షణ చికిత్స కావలసినవారిని, పసుపు కొంత ఆగగలవారిని, ఆకుపచ్చ స్వల్పంగా గాయపడినవారిని, నలుపు మరణించినవారిని, బతికే ఆశ లేనివారిని సూచిస్తాయి. ఊపిరి ఉన్న మనిషికి నలుపు పట్టీ కట్టవలసి రావడం మోయరాని భారం. దానిని అర్ధరాత్రి ఒంటరిగా డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మీద వదిలేయకుండా, నియమాలను ముందే చర్చించి, రాసిపెట్టి, అందరిచేత అభ్యాసం చేయించడం సంస్థ ధర్మం.

కాబట్టి వైద్య, నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న పట్టభద్రులు కొలువులో చేరిన తొలి రోజుల్లోనే, తమ ఆసుపత్రి విపత్తు ప్రణాళిక ఎక్కడుందో, రాత్రివేళ దానిని అమలుచేసే అధికారం ఎవరిదో, ఆక్సిజన్ నిల్వ ఎన్ని గంటలకు సరిపోతుందో, ఏ రోగులను క్షేమంగా ఇంటికి పంపి పడకలు ఖాళీ చేయవచ్చో అడిగి తెలుసుకోవాలి. ప్రణాళిక లేకపోతే రాయించేదాకా, ఉంటే వార్డుబాయ్ నుంచి 108 సిబ్బంది దాకా అందరితో మాక్ డ్రిల్ జరిపించేదాకా పట్టు విడవరాదు. మామూలు రోజుల్లో చేసే ఈ పనికి ప్రశంసలు దక్కకపోవచ్చు. అయినా ఆపదలో చివరగా వచ్చిన రోగికీ మొదట వచ్చినవారికి దక్కిన న్యాయమే దక్కాలంటే ఇదే మార్గం. ఆ మార్గంలో ఈ పట్టభద్రులందరికీ జయం కలగాలి.