ఐపీ అడ్రసు మనిషి పేరు కాదు

(యువజనుల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం ఐపీ అడ్రసు. ఇదేదో కంప్యూటర్ చదివినోళ్ల వ్యవహారం అనుకోకండి. పోలీసులు మనల్ని వెతుక్కుంటూ వచ్చినా, మనల్ని తిట్టినోణ్ణి పోలీసులు వెతకాలన్నా, ముందుగాల పట్టుకునేది ఈ నెంబరునే.

2007 ఆగస్టులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పూణె పోలీసులు పట్టుకుపోయారు. ఆర్కుట్ అనే సైటులో శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని నేరం. సాక్ష్యం ఏంది? ఒక ఐపీ అడ్రసు. అది ఎవరిదని అడిగితే ఇంటర్నెట్ కంపెనీ ఇతని వివరాలు రాసిచ్చింది. రాసిచ్చింది తప్పు. అతను బయటికొచ్చేసరికి 50 రోజులు జైల్లో గడిచినయి. చదువు, ఉద్యోగం ఉన్నోడి గతే అది. కూలికి పోతేగానీ పొయ్యి వెలగని ఇంటి పిల్లగాడైతే ఎన్ని రోజులయ్యేదో మీరే లెక్కేసుకోండి.

ఇంతకీ ఆ నెంబరు ఏందంటే, మనం ఫోన్లో ఏ సైటు తెరిచినా అది మనకు సమాచారం తిరిగి పంపాలె గదా, ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా అది. పాత పద్ధతిలో నాలుగు ముక్కలుగా రాస్తరు, ఒక్కో ముక్క 0 నుంచి 255 దాకా. మొత్తం కలిపితే సుమారు 430 కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్ల పైనే. 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచ గోదాములో కొత్త నెంబర్లు అయిపోయినయి. ఆరో వెర్షన్ అని పొడుగు నెంబర్లు వచ్చినయి గానీ పాతవీ నడుస్తనే ఉన్నయి. అందుకని సెల్ కంపెనీలు ఒకే నెంబరును ఒకే సమయంలో ఎంతోమందికి పంచుతున్నయి. హాస్టల్లో వైఫై ఒకటి, పిల్లలు వందమంది. బయటి సైటుకు వందమందీ ఒకటే నెంబరు. వాడకంతా ఒకటే బోరింగు ఉన్నట్టు. నీళ్లు ఎవరు పట్టుకపోయిండ్రో బోరింగు చెప్తదా? (మీ ఫోన్ సెట్టింగుల్లో 192.168 అని మొదలయ్యే నెంబరు కనబడితే అది ఇంటి లోపలి నెంబరు. బయటికి కనబడేది వేరు.)

సైటువాడికి ఈ నెంబరుతో మన పేరు తెలవదు. ఏ కంపెనీ కనెక్షనో, దాదాపు ఏ ఊరో తెలుస్తది. ఊరు కూడా చాలాసార్లు తప్పే, మండలంలో కూసున్నోణ్ణి హైదరాబాదులో చూపిస్తది. మన పేరు, మన ఆధారు ఉన్నది సిమ్ము ఇచ్చిన కంపెనీ దగ్గర. ఏ సమయంలో ఏ నెంబరు ఎవరికిచ్చిందో ఆ చిట్టాను రెండేండ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం లైసెన్సు షరతుల్లో పెట్టింది. కాబట్టి సరైన మనిషిని పట్టాలంటే ఉత్త నెంబరు చాలదు. తేదీ, గంట, నిమిషం, సెకను, పోర్టు నెంబరు, అన్నీ కావాలె. విదేశీ సైట్లు చాలావరకు గ్రీన్‌విచ్ టైము రాస్తయి. మన టైము దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. ఆ తేడా చూడకపోతే నేరం ఇంకొకరి మీద పడతది. మన పిల్లగాణ్ణి ఎవరన్నా స్టేషనుకు పిలిస్తే వకీలు మొదట అడగాల్సింది ఈ వివరాలే.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలవదని మా బడి పిల్లలు నమ్ముతరు. అది మన ఫోన్లో చరిత్ర మిగలకుండా చూస్తది, అంతే. వీపీఎన్ పెడితే సైటువాడికి మన అసలు నెంబరు కనబడదు గానీ ఆ వీపీఎన్ కంపెనీకి కనబడతది. పుక్కటికి ఇచ్చేవాడు దేనితో బతుకుతున్నడో అడగాలె. ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఐదేండ్లు దాచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశమిచ్చింది. కొన్ని వీపీఎన్ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసినయి.

మనకు దాచుకునేది ఏముంది సారూ అని కొందరంటరు. పేరు చెప్తే, వాడ చెప్తే కులం తెలిసిపోయే దేశం మనది. ఇంటి నెంబరు చెప్పకుండా మాట్లాడే వీలు మనకు ఎన్నడు దొరికింది? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిండ్రు. ఆ హక్కు మనకే ఎక్కువ అవసరం.

ఇంకో మాట. దొంగ ఖాతాతో ఎవడన్నా మన ఆడబిడ్డను, మన కులాన్ని తిట్టిండనుకోండి. మనోళ్లు కోపంలో రిపోర్టు కొట్టి ముందు దాన్ని తీసేయిస్తరు. అట్ల చేయొద్దు. లింకు, తేదీ, టైము రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి. అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు ఇస్తే అందులోనే ఇవన్నీ రాయండి. కంపెనీలు తమ లాగులను 180 రోజులు దాచాలని ఆ 2022 ఆదేశంలోనే ఉంది. ఆ గడువు దాటితే ఉంటయన్న నమ్మకం లేదు. ఆలస్యం చేస్తే లాభం తిట్టినోడికే.

వాట్సాప్ కాల్ నేరుగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పోతే, అవతలోడు మన ఐపీ తెలుసుకోవచ్చు. దాన్ని దాచే సెట్టింగు 2023 నవంబరులో వచ్చింది. మాట నాణ్యత కొంచెం తగ్గొచ్చు, ఫరవాలేదు. ఫోన్లు బయటికి తీయండి. సెట్టింగుల్లో ప్రైవసీ, దాంట్లో అడుగున అడ్వాన్స్‌డ్. దొరకనోళ్లు చెయ్యెత్తండి, నేనే వస్త.