మా తెలుగు సెక్షను మిత్రులు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రిందటి మారు ఈ వేదికపై మేము వస్తుసేవల పన్నును గూర్చి ప్రసంగించినప్పుడు ముందువరుసలోని పెద్దలు ఇరువురు సుఖముగా నిద్రించిరి. వారి నిద్రకు మేము అడ్డు చెప్పుటలేదు గాని, కార్యదర్శిగారు మాత్రము “ఈసారి నవ్వు వచ్చు విషయ మేదైన చెప్పుడు” అని ఆజ్ఞాపించినారు. చింతపండు అమ్ముకొనువారికి ముఖములు ముడుచుకొనునట్లు చేయుటయే గాని నవ్వించుట యెట్లు తెలియును? అందుచేత అంగడి సరుకు ప్రక్కన బెట్టి, ముప్పదియేండ్ల పాత సరుకు నొకదానిని బయటికి దీయుచున్నాము. అది మేము చదివిన ఉన్నత పాఠశాలలోని తెలుగు సెక్షను.

హోసూరు అప్పటికి ధర్మపురి జిల్లాలోనిది. కృష్ణగిరి జిల్లా 2004లో గదా ఏర్పడినది. 1994 జూను మొదలు 1997 మార్చి వరకు, ఎనిమిదవ తరగతినుండి పదవ తరగతి దాక, మేము ఒకే జట్టుగా నుంటిమి. అరవ సెక్షనులలోని పిల్లలను ఏటేట కలిపి, కులికి, మరల పంచెడివారు. మమ్ము కులుకుటకు రెండవ తెలుగు సెక్షను లేదు. అందుచేత ఎవనితో తగవు పడినను మరునాడు వాని ప్రక్కనే కూర్చుండవలసి వచ్చెడిది. మా స్నేహములు గట్టిపడుటకు మా మంచితనము కంటె ఈ ఇరుకే ఎక్కువ కారణమని మా యభిప్రాయము.

సెక్షనుల వరుసలో మాది చివరి అక్షరము, గదులలో చివరి గది. దాని తరువాత సైకిళ్ళ కొట్టము. మేము మొత్తము 23 మందిమి. బాలురు 16, బాలికలు 7. బాగలూరు, బేరికె, మత్తిగిరి, కెలమంగలము, తళి వైపులనుండి వచ్చెడివారు కొందరు, హాస్టలులో నుండెడివారు కొందరు. ఇంట తెలుగు, వీధిలో అరవము, సంతలో కన్నడము. ఇద్దరి ముగ్గురి ఇండ్లలోనైతే తల్లి ఒక భాష, తండ్రి మరియొక భాష.

ఈ మూడు భాషల సంగమమున పుణ్యస్నానముతో బాటు అప్పుడప్పుడు మునుగుటయు కలదు. మనకు “ఇల్లు” అనగా గృహము. అరవవారికి “ఇల్లే” అనగా లేదు. కన్నడమువారికి “ఇల్లి” అనగా ఇక్కడ. ఒకనాడు మా లెక్కల మాస్టరుగారు సెలవులో నుండగా, తంజావూరు వైపునుండి క్రొత్తగా బదిలీయై వచ్చిన అరవ మాస్టరుగారు మా గదికి వచ్చిరి. పాపము, సాధువు. లెక్కల నోటుపుస్తక మెక్కడ నని మొదటి బల్లవారిని వరుసగా నడిగిరి. ఇంట కన్నడము మాటలాడు మిత్రుడు పుస్తకము చూపుచు “ఇల్లి సార్” అనెను. “ఇల్లేయా?” అని వారు మరల నడిగిరి. “ఇల్లి సార్, ఇల్లి!” అని వీడు మరింత గట్టిగా పలికెను. లేదని యింత ధైర్యముగా చెప్పువానిని వా రెన్నడును చూచియుండలేదు, నిలబడుమనిరి. రెండవవానికి నిజముగానే పుస్తకము లేదు. “ఇల్లే సార్” అని సత్యము పలికి నిలబడెను. మూడవవాడు పుస్తకము ఇంట మరచి వచ్చినాడు. వానికి అరవము అంతంతమాత్రము. “ఇల్లు సార్” అని తెలుగులోనే చెప్పెను. ఉన్నవాడు, లేనివాడు, ఇంట పెట్టి వచ్చినవాడు మువ్వురును పీరియడు అయిపోవువరకు ఒకే వరుసను నిలబడిరి. మొదటివాని చేతిలో పుస్తక మట్లే యుండెను.

పెద్దలకును ఈ చిక్కు తప్పలేదు. మా తెలుగు పండితులవారు కుప్పము వైపు పుట్టి పెరిగినవారు. ఛందస్సు వారికి కరతలామలకము. అరవము మాత్రము బస్సుబోర్డులు చదువునంత. వారు చేరిన వారమునందే అరవ సెక్షను విద్యార్థి యొకడు పరుగున వచ్చి, గుమ్మమువద్ద నిలిచి, “హెచ్చెం అవసరమా కూప్పిడ్రార్” అనెను. అరవములో “అవసరము” అనగా త్వర. ప్రధానోపాధ్యాయులు తొందరగా రమ్మనుచున్నారని వాని తాత్పర్యము. పండితులవారు క్షణము యోచించి, ఎంతో మర్యాదగా, “ఏమంత అవసరము లేదు నాయనా, పాఠము కాగానే వత్తునని మనవి చేయుము” అని పంపివేసిరి. మాకు విషయము తెలిసినను నోరు మెదపలేదు. పాఠము మధ్య పండితులను లేపుట తప్పని వారే గదా మాకు నేర్పినారు! అయిదు నిమిషములలో ప్రధానోపాధ్యాయులు తామే విచ్చేసిరి. పిమ్మట ఇరువురును ఆ మాటను తలచుకొని సైకిళ్ళ కొట్టమువద్ద నవ్వుకొనుట మేము కన్నులార చూచితిమి.

ఆ పండితులవారే మాకు పూర్వపు పద్ధతిలో లేఖలు వ్రాయుట నేర్పిరి. ఎవరికి ఏ సంబోధన యనునది నల్లబల్లపై పట్టిక వేసినారు. హాస్టలులోని కెలమంగలము మిత్రునికి ఆ పట్టికలో అన్నిటికంటె పొడవైనది, ఘనమైనది “గంగాభాగీరథీ సమానురాలైన” అనునది తోచెను. తల్లికి అంతకంటె గౌరవ మేమున్నదని తలచి, కార్డుపై ముత్యములవంటి అక్షరములతో ఆ మాట వ్రాసి, దుప్పటి కొనుటకు డబ్బు పంపుమని కోరి, తపాలాపెట్టెలో వేసెను. అది భర్తను కోల్పోయిన స్త్రీలకు మాత్రమే వ్రాయు సంబోధన యని పండితులవారు మరునాటి పాఠమున చెప్పిరి. కార్డు అప్పటికే దారిలో నున్నది. రెండవనాడు తొలి బస్సులో వాని తండ్రి దిగినాడు. తెలుపు పంచె, చేతిలో దుప్పటి, రెండవచేతిలో కార్డు. గదిముందు నిలిచి, “ఏమప్పా, నేను ఉండానా, పోయినానా, నువ్వే చెప్పు” అని కుమారునే యడిగినాడు. ఆ పెద్దాయన నేటికిని మనమధ్య నున్నారు. ఆ కార్డును అద్దము వేయించి గోడకు తగిలించినారు. మేము వారి యింటికి పోయిన ప్రతిసారియు దానిని చూపి, తాము బ్రతికియున్నందుకు సాక్ష్యము పుచ్చుకొనక కాఫీ యియ్యరు.

తెలుగు పాఠ్యపుస్తకములు బడి తెరచిన చాలా దినములకు వచ్చెడివి. కొన్ని వచ్చెడివి కావు. ఒక యేడు చరిత్ర పుస్తకము గదికంతకు ఒక్కటే. మా క్లాసు లీడరు ఒక బాలిక. ఆమె ఆ పుస్తకమును రాత్రి కొకరికి వంతున ఇచ్చి, పద్దు వ్రాసి, తెల్లవారి ఆలస్యముగా తెచ్చినవారికి పది చింతగింజలు జరిమానా వేసెడిది. చింతగింజలు ఎవరి కొట్టునుండి వచ్చెడివో సభవారు ఊహింపగలరు. మూడవ నెలకు ఆమెవద్ద గోతాము నిండెను. మా తండ్రిగారు కొట్టులో పద్దులు వ్రాయుట నేర్పుటకు ముందే బాకీ యన నేమో, వాయిదా యన నేమో ఆమెయే మాకు నేర్పినది. ఇప్పు డామె కుప్పమున ఉపాధ్యాయురాలు. జరిమానాలు ఏ సరుకులో వసూలు చేయుచున్నదో అడుగవలెను.

పుస్తకము వచ్చినపుడు అందలి మాటలు మరియొక కథ. ఆకులు ఎండవెలుతురుతో ఆహారము సిద్ధము చేసికొనుటను అరవ పుస్తకములో “ఒళిచ్చేర్క్కై” అందురు. మన పుస్తకములో “కిరణజన్య సంయోగక్రియ”. పొట్టి మాట వారికి, పొడుగు మాట మాకు. హోసూరు చలి మీకు తెలియనిది కాదు. మార్గశిరమాసపు ఉదయములలో మత్తిగిరి మిత్రుడొకడు పాఠము మధ్య కిటికీలో వాలు ఎండకు వీపు చాచి కన్నులు మూసికొని యుండెడివాడు. “ఏమిరా చేస్తా ఉండావు?” అని మాస్టరుగారు అడిగిరి. “కిరణజన్య సంయోగక్రియ చేస్తా ఉండాను సార్” అనెను. “అట్లయితే సాయంకాలానికి ఆకులు మొలుస్తాయేమో చూస్తాము, ఆడనే నిలబడు” అని వారు సెలవిచ్చిరి. వానికి నాటినుండి ‘కిరణజన్య’ యే పేరు. ఇంటి పిలుపు మేము మరచితిమి. ఇప్పుడు బెంగుళూరులో సూర్యరశ్మితో నీళ్ళు కాచు యంత్రములు అమ్ముచున్నాడు. ఇది మా కల్పన కాదు.

ఇక పదవ తరగతినాటి సంగతి. తెలుగు సెక్షనులో పిల్లలు తగ్గినచో మాస్టరును వేరొక చోటికి మార్చి, మమ్ము అరవ సెక్షనులో కలుపుదురని వదంతి పుట్టినది. తనిఖీ దినమున ఇరువదిమందియైన కంటికి కనబడవలెనని పండితులవారు చెప్పినారు. ఆ ఉదయము లెక్కించుకొనగా 19 మందిమి. ముగ్గురికి జ్వరము. నాలుగవవాడు రెండు నెలలుగా బాగలూరు త్రోవలోని చేమంతి తోటలో కూలికి పోవుచున్నాడు. పేరు మాత్రము హాజరుపట్టీలో నున్నది. ఇద్దరు మిత్రులు రెండు సైకిళ్ళ మీద పోయి, మార్కెట్టుకు బయలుదేరుచున్న వానిని బుట్టతో సహా ఎక్కించుకొని వచ్చిరి. అధికారి గదిలో కాలు పెట్టుసరికి వాడు చివరి బల్లమీద, బుట్ట యొడిలో పెట్టుకొని, చెమటతో కూర్చుండియున్నాడు. “ఈ పూలు ఎందుకు?” అని అధికారి యడిగిరి. వాడు లేచి, “మీకే సార్” అని బుట్టంతయు బల్లమీద పెట్టినాడు. అధికారి మిక్కిలి సంతసించి, తెలుగు సెక్షనులో మర్యాద బాగుగ నేర్పుచున్నారని పుస్తకములో వ్రాసి పోయిరి.

మధ్యాహ్నమునకు తోట యజమాని గేటువద్దకు వచ్చెను. బుట్ట ఖరీదు నలుబది రూపాయలు. మేము కానులు, అర్ధరూపాయలు పోగుచేసి చెల్లించితిమి. ఆ చేమంతుల మిత్రుడు తిరిగి తోటకు పోవ లేచినపుడు మా లీడరు అడ్డము నిలిచి, “నలభై రూపాయలు పెట్టి కొనుక్కున్నాము నిన్ను, యాడికి పోతావు?” అనెను. సాయంకాలములు మాత్రమే తోట పని యని యజమానితో ఒప్పందము కుదిర్చినదియు ఆమెయే. వాడు మార్చిలో మాతో బాటు పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. సెక్షను నిలిచెను.

ఇదంతయు ఇప్పు డేల చెప్పితిమందురా? 1997లో మేము పరీక్ష వ్రాసినపుడు మాకు మొదటి భాష తెలుగు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది. అది ఒకటవ తరగతితో మొదలై, ఏటి కొక మెట్టు ఎక్కి, 2015–16లో పదవ తరగతిని చేరెను. పిదప మనవారు న్యాయస్థానముల మెట్లు ఎక్కిరి; 2023లో సుప్రీంకోర్టువరకు పోయి ఆ యేటి పరీక్షకు మినహాయింపు పొందిరి. అరవము నేర్చుటకు మాలో నెవ్వరికిని అభ్యంతరము లేదు. రాకపోతే మా కొట్టు మూడు దినములు నడువదు. తెలుగు ఉండవలెననునదే మా మాట. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనను 350ఏ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది, మంచిదే. అయితే అధికరణము వచ్చి బల్లమీద కూర్చుండి “ఉన్నాను సార్” అని పలుకదు గదా! పిల్లవాడు పలుకవలెను.

మా పాత సెక్షనులో ఎనిమిదవ తరగతిలో ఈ యేడు 11 మంది. మొన్న చూచి వచ్చితిమి. గది మారినది గాని, సైకిళ్ళ కొట్టము ప్రక్కనే. జూనులో బడి తెరచులోపల బాగలూరు, బేరికె, శూలగిరి వైపుల అయిదవ తరగతియు, ఎనిమిదవ తరగతియు దాటుచున్న పిల్లల యిండ్లకు పోయి తల్లిదండ్రులతో మాటలాడవలెనని మా జట్టులోని తొమ్మిదిమందిమి నిశ్చయించితిమి. ఫీజులు, పుస్తకములు, బస్సు సమయములు అన్నిటికిని సమాధానము వ్రాసుకొని పోవుదుము. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు మా మండీ ముంగిటినుండి బయలుదేరుట. రాదలచినవారు సభ ముగిసిన వెంటనే మాకు పేరు చెప్పవలెను. సైకిళ్ళు అక్కరలేదు, చేమంతుల మిత్రుడు తన పూలవ్యాను పంపెద నన్నాడు. అతనికి ఇప్పుడు అటువంటివి మూడున్నవి.