పెళ్లికూతురు ఏదమ్మా?

(చదువు కేంద్రంలో ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అక్కలారా! చెల్లెళ్లారా! పెద్దమ్మలారా!

 

రోజూ సాయంత్రం ఈ అరుగు మీద మీకు పాఠం చెబుతాను. ఈ రోజు పాఠం లేదు, మాటలే. "విశ్వాసం, కొత్త కాలం గురించి నాలుగు ముక్కలు చెప్పమ్మా" అని కేంద్రం పెద్దలు అడిగారు. నాకు భయం వేసింది. నేను పాస్టరమ్మను కాదు. టీచర్ ట్రైనింగ్ చదివాను. ఉద్యోగం ఇంకా రాలేదు. పొద్దున లేస్తే పొయ్యి, అంట్లు, మూడేళ్ల పిల్లవాడు. సాయంత్రం మీరు. ఇదీ నా బతుకు. అందుకని మా ఇంటి సంగతే చెబుతాను. అందులో మీ ఇల్లు కూడా కనబడవచ్చు.

నేను క్రైస్తవురాలిని. మీలో రాములవారి గుడికి వెళ్లేవాళ్లు ఉన్నారు. మసీదు వీధి నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు. నేను మతం చెప్పడానికి నిలబడలేదు. నా మతం నాకు ఏం నేర్పిందో, నేను ఏం నేర్చుకోలేదో చెప్పడానికి నిలబడ్డాను.

కొత్త కాలం చెడ్డది అని మనం తరచుగా వింటాం. ఫోన్లు వచ్చి పిల్లలు చెడిపోయారు అంటారు. ఆడపిల్ల జీన్సు ప్యాంటు వేసుకుంటే ఇక లోకం మునిగిపోయింది అంటారు. మా గుడిలోనూ అంటారు, మీ గుడిలోనూ అంటారు. వినీ వినీ మనమూ అంటాం. నిజమేనా? కాస్త ఆలోచిద్దాం.

మన జిల్లా సంగతే చూడండి. 1876 నుంచి 1878 వరకు ఇక్కడ పెద్ద కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని ఆయన తీసుకున్నాడు. కరువులో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన వెంటనే ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి రాకూడదు, కరువు పోనివ్వండి అన్నాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పూర్వీకుల కాలం సంగతి ఇది.

ఆ రోజుల్లో కొత్తది ఏమిటి? అంటరానివాళ్ల పిల్లలు పలక పట్టడం కొత్త. ఆడపిల్ల బడికి పోవడం కొత్త. అప్పుడు కూడా ఊళ్లో "లోకం చెడిపోయింది" అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ కొత్తను మనవాళ్లు వద్దని ఉంటే నేను ఈ రోజు మీ ముందు సుద్దముక్క పట్టేదాన్ని కాదు. కాబట్టి కొత్త అయితే చెడ్డ అనడం కుదరదు. పాత అయితే మంచి అనడమూ కుదరదు.

మరి ఎలా తెలుసుకోవాలి? అది నాకు చెప్పింది పెద్ద చదువు చదివినవాళ్లు కాదు. మా అత్తయ్య.

ముందు నా పెళ్లి సంగతి చెప్పాలి. నాకు పెళ్లయి నాలుగేళ్లయింది. మా నాన్న పొగాకు బేరన్ల దగ్గర కూలికి పోతాడు. మా పెళ్లి మాటల్లో ఎవరూ "కట్నం" అనలేదు. దేవుని బిడ్డలం కదా! "కానుక" అన్నారు. మాటలకు ముందు ప్రార్థన చేశారు. 3 లక్షలు అని తేలింది. తేలిన తర్వాత మళ్లీ ప్రార్థన చేశారు. నేను తలుపు వెనక నిలబడి రెండు ప్రార్థనలకూ ఆమెన్ అన్నాను.

మా నాన్న రెండు గేదెలు అమ్మాడు. దాచిన డబ్బు తీశాడు. లక్ష అయింది. మిగతా 2 లక్షలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చాడు. పోయిన నెల మీకు వడ్డీ లెక్క చెప్పాను, గుర్తుందా? 2 లక్షలకు నెలకు వడ్డీ ఎంత? 4,000. ఏడాదికి 48,000. నాలుగేళ్లకు 1,92,000. ఇంకో రెండు నెలలు కడితే వడ్డీయే 2 లక్షలు అవుతుంది. అసలు మాత్రం అలాగే ఉంది. బోర్డు మీద ఆ లెక్క వేస్తుంటే నా చెయ్యి ఎందుకు ఆగిందని ఒక పెద్దమ్మ అడిగింది. ఇందుకే పెద్దమ్మా. అది మా నాన్న లెక్క.

పెళ్లి ఖర్చు సంగతి వేరే. మా అమ్మమ్మ పెళ్లిలో తెల్లచీర, తాటాకు పందిరి, గుడిలో ప్రార్థన, అందరికీ కడుపు నిండా అన్నం. అంతే. ఇప్పుడు పసుపు చీరలతో హల్దీ. పాటలతో సంగీత్. పైన ఎగిరే డ్రోను కెమెరా. వీధి మొదట్లో మనిషికి రెండింతల ఫ్లెక్సీ. ఇవన్నీ సినిమాల్లో నుంచి, ఫోన్లలో నుంచి వచ్చిన కొత్తలే కదా! వీటిని ఎవరూ తప్పు పట్టలేదు. పిల్ల బట్టలను తప్పు పట్టారు. తండ్రి అప్పును ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది మా మరిదికి సంబంధం చూశారు. అతను కరెంటు పని చేస్తాడు. మంచి పిల్లవాడు. పిల్ల తరఫువాళ్లు మా ఇంటికి వచ్చారు. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. బయట మాటలు వినబడుతున్నాయి. 5 లక్షలు, ఒక మోటారు సైకిలు. మళ్లీ "కానుక". మళ్లీ ప్రార్థన.

నిజం చెబుతాను, దాచను. ఆ 5 లక్షల మాట వినగానే నాకూ ఒక్క క్షణం ఆశ కలిగింది. మా ఇంటికి రేకుల కప్పు. స్లాబు వేసుకోవచ్చు అనుకున్నాను. తర్వాత మా నాన్న గుర్తుకు వచ్చాడు. నా పెళ్లిలో ఇచ్చే వైపు ఉన్నాను. ఇప్పుడు పుచ్చుకునే వైపు వచ్చాను. కొన్నేళ్లలోనే నా మనసు అటు నుంచి ఇటు వచ్చేసింది. నాకు సిగ్గు వేసింది. అయినా నోరు మెదపలేదు. కోడలిని కదా!

మా అత్తయ్య మీ అందరికీ తెలుసు. ఇదిగో, స్తంభం పక్కన కూర్చుని ఉంది. తల వంచుకోకు అత్తయ్యా, నీ గురించి మంచే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు బైబిలును సంచిలో పెట్టుకుని గుడికి వెళ్లింది. పాటలన్నీ నోటికి వచ్చు. అక్షరం మాత్రం రాదు. ఈ కేంద్రం పెట్టాకే మీతో పాటు పలక పట్టింది. ఆరు నెలల్లో కూడబలుక్కుని చదవడం వచ్చింది.

ఆ సంబంధం మాటలు జరిగిన వారంలోనే ఒక మధ్యాహ్నం పెద్దక్షరాల బైబిలు తీసింది. కానా ఊరి పెళ్లి కథ చదువుతానంది. కథ ముందే తెలుసు కాబట్టి సులువుగా ఉంటుందని. ఆ కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక పెళ్లికి యేసు, ఆయన తల్లి, శిష్యులు వెళ్లారు. విందులో ద్రాక్షారసం అయిపోయింది. అక్కడ ఆరు రాతి బానలు ఉన్నాయి. వాటిని నీళ్లతో నింపమన్నాడు. ఆ నీళ్లు ద్రాక్షారసం అయ్యాయి. పెళ్లివారి పరువు నిలబడింది.

అత్తయ్య వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. చివరికి వచ్చింది. మళ్లీ మొదటికి వెళ్లింది. మళ్లీ చివరికి వచ్చింది. అప్పుడు తల ఎత్తి అడిగింది.

"అమ్మాయ్! ఇందులో పెళ్లికొడుకు ఉండాడు. విందు పెద్ద ఉండాడు. నీళ్లు పోసే పనోళ్లు ఉండారు. పెళ్లికూతురు ఏదమ్మా?"

నేను పుస్తకం తీసుకుని చూశాను. నిజమే! ఆ కథలో పెళ్లికూతురి మాటే లేదు. చిన్నప్పటి నుంచి ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎన్నడూ నాకు ఆ అనుమానం రాలేదు. ఆరు నెలల చదువుకు వచ్చింది.

నా నోట్లో నుంచి మాట జారింది. "మొన్న మన ఇంట్లో మాట్లాడుకున్న పెళ్లిలో మాత్రం ఏది అత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య పుస్తకం మూసింది. లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు చేశానేమో అని నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు రాత్రి అన్నం దగ్గర అందరం ఉన్నాం. అత్తయ్య మామయ్యను అడిగింది.

"ఆ పిల్ల పేరేంది?"

మామయ్యకు డబ్బు ఎంతో తెలుసు. బండి ఏదో తెలుసు. పేరు తెలియదు. మా ఆయనకు తెలియదు. మా మరిది సెల్‌ఫోనులో ఫొటో ఉంది. ఇంటిపేరు చెప్పాడు. పిల్ల పేరు సరిగ్గా చెప్పలేకపోయాడు. నాకూ తెలియదు. ఎవరూ మాట్లాడలేదు. అన్నం చల్లారిపోయింది.

"నా పెళ్లికి మా అమ్మ చెవుల కమ్మలు అమ్మింది. చచ్చేదాకా చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది. నేను మర్చిపోయినా" అంది అత్తయ్య. ఇంకేమీ అనలేదు.

తర్వాత ఏమైంది? అంతా మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. మామయ్య పది రోజులు కోపంగా ఉన్నాడు. నలుగురిలో పరువేం కావాలన్నాడు. చివరికి 5 లక్షలు వద్దని కబురు పంపాడు. బండి మాత్రం వదల్లేదు. తీసుకున్నారు. అదీ తప్పే. నేను ఒప్పుకుంటాను. హల్దీ, డ్రోను లేకుండా గుడిలో పెళ్లి జరిగింది. ఆ అమ్మాయి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కుట్టు పని వచ్చు. మా అత్తయ్య ఆమెను రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలుస్తుంది.

నేను కూడా ధైర్యం చేశాను. మా నాన్న అప్పు సంగతి మా ఆయనతో ఎత్తాను. ఆయన గ్రానైటు పాలిషింగు దగ్గర పని చేస్తారు. మొదట మాట్లాడలేదు. నెల తర్వాత జీతంలో నుంచి 2,000 తీసి మా నాన్నకు పంపమన్నారు. అది సగం వడ్డీయే. అయినా ఆ రోజు మా నాన్న ఫోనులో ఏడ్చాడు. ఫోను చెడ్డది అంటాం కదా! ఆ ఏడుపు నాకు వినిపించింది ఫోనే.

అక్కలారా! చట్టం కూడా తెలుసుకోండి. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. కట్నం ఇవ్వడం నేరం. పుచ్చుకోవడం నేరం. శిక్ష ఐదేళ్లకు తగ్గని జైలు. జరిమానా 15,000 రూపాయలు, లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది. "కానుక" అన్నా, "లాంఛనం" అన్నా, పెళ్లికి షరతుగా అడిగితే అది కట్నమే. బాధపడినవాళ్లు ఇచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని వాళ్ల మీదనే కేసు పెట్టకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. అందుకని చెప్పడానికి భయపడవద్దు. ఆపదలో ఉన్న ఆడవాళ్లు 181కి ఫోను చేయవచ్చు.

"కట్నం అంటే ఆడపిల్ల వాటాయే కదా" అంటారు కొందరు. మరి ఆ వాటా ఎవరి చేతికి పోతోంది? మామగారి చేతికి! వాటా వేరే ఉంది. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ఉంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తిలో మూడో వంతు భార్యకు వస్తుంది. మిగిలింది కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 2005 చట్ట సవరణతో దేశమంతా వచ్చింది. ఇవి కొత్త కాలం తెచ్చినవి. వీటిని చెడ్డవి అందామా?

చదువు వస్తే ప్రశ్న వస్తుంది. మన పక్క నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. మా ఊళ్లో సారా ఎందుకు అని అడిగారు. ఆ అడగడం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. మా అత్తయ్య ప్రశ్న అంత పెద్దది కాదు. ఒక ఇంటి ప్రశ్న. కానీ అదే జాతి ప్రశ్న.

కొత్తది ఏదైనా ఇంటికి వచ్చినప్పుడు నేను ఇప్పుడు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. పాతది ఏదైనా వదలలేనప్పుడు కూడా అదే వేసుకుంటున్నాను. ఇందులో ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు? ఎవరి పేరు అడగలేదు? నా విశ్వాసం నాకు చెప్పేది ఇదే అని నాకు అనిపిస్తుంది. దేవుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడని మేము నమ్ముతాం. అలాంటప్పుడు మన ఇంటికి వచ్చే పిల్ల పేరు మనకు తెలియకపోతే ఎలా?

ఇంతకంటే నాకు చెప్పడం రాదు. తప్పులుంటే మన్నించండి. రేపు సాయంత్రం మామూలుగా పాఠం ఉంటుంది. వడ్డీ లెక్కలు ఇంకా అయిపోలేదు. పలకలు తెచ్చుకోండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. మీ పెళ్లికి మీ పుట్టింటివాళ్లు ఏమి అమ్మారు? మీకు తెలుసా?

2. 1 లక్ష రూపాయలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తే, ఏడాదికి వడ్డీ ఎంత?

3. మీ ఊళ్లో ఈ మధ్య వచ్చిన కొత్త అలవాట్లలో మంచివి ఏవి? కానివి ఏవి? ఎందుకు?

4. అత్తయ్య రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. ఎందుకని మీరు అనుకుంటున్నారు?