ఇరుసు కూత, బ్రేకు కూత



మన గోదావరి సీమలో బండియిరుసు కూతను ఎఱుగని పెద్దలు లేరు. ధాన్యపు బస్తాలతో నిండిన బండి గట్టు నెక్కునప్పుడు ఇరుసు కీచుమని మొఱపెట్టుకొనును. బండివాడు దిగి కందెన వేయును. కూత ఆగును. ఈ వైద్యమును మన తాతలనుండి నేర్చుకొంటిమి. ఇరుసు విషయమున ఇది ముమ్మాటికిని సరియైనదే. ఇదే వైద్యమును మోటారుకారు బ్రేకునకు చేసినచో ఏమగునో నా స్వానుభవమునుండి మీకు మనవి చేసెదను. ముప్పదియేండ్లకు పైగా పిల్లల తప్పులు దిద్దినవాడను. నా తప్పు చెప్పుకొనుటకు సిగ్గుపడరాదని తలంచి ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఒక సంక్రాంతి పండుగకు నా మేనల్లుడు హైదరాబాదునుండి తన కారులో మా యూరికి వచ్చెను. మాది కోనసీమలో కాలువ ప్రక్కనున్న పల్లె. ఆ కారు ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది, నేలకు జానెడెత్తున నుండునది, వేగమునకై నిర్మింపబడినది. దానిని స్పోర్ట్సు కారు అందురు. అది మా వాకిట ఆగుచుండగా ఎదురింటి పిల్లవాడు చెవులు మూసికొనెను. నాకేమియు వినరాలేదు. ముందటి ఎడమచక్రము కూయుచున్నదని వాడు చెప్పిన పిమ్మట, చెవియొగ్గి వినగా లీలగా తెలిసెను. ఈ కూతయందు సెకనుకు 1,000 మొదలు 16,000 వఱకు కంపనములుండును. వయసు మీఱిన చెవికి అందలి పై స్వరములు అందవు. కావున పెద్దలమైన మనము "నాకు వినబడలేదు, కనుక లేదు" అని వాదింపరాదు.

మధ్యాహ్న భోజనానంతరము మేనల్లుడు నిద్రించుచుండెను. నేను ఉపకారము చేయుచున్నానని తలంచి, కొబ్బరినూనె గిన్నెతో పోయి, చక్రపు ఆకుల సందునుండి లోపల మెఱయుచున్న ఇనుపపళ్లెముపై నూనె పోసితిని. సాయంకాలము ఇరువురమును లొల్ల లాకులు చూడ బయలుదేరితిమి. బొబ్బర్లంకకడ గోదావరినుండి బయలుదేరిన ప్రధానకాలువ ఆ లాకులకడ చీలి కోనసీమ పొలములకు పాఱును. దారిలో కూత లేదు. నేను లోలోపల మురియుచుంటిని. లాకులు సమీపించుచుండగా ఒక గేదె అడ్డము వచ్చెను. మేనల్లుడు బ్రేకును గట్టిగా త్రొక్కెను. కారు నిలుచుటకు మాఱుగా కుడివైపునకు, అనగా కాలువవైపునకు, ఈడ్చుకొనిపోయెను. నూనె పడిన ఎడమచక్రము పట్టు విడువగా, పట్టుగల కుడిచక్రము బండిని తనవైపునకు త్రిప్పినది. గట్టు అంచున పోసియున్న మట్టిదిబ్బకు తగిలి ఆగితిమి. నీటికిని మాకును నడుమ రెండు బారల నేల మాత్రమే యుండెను.

"మావయ్యా, బ్రేకుకి ఏమైనా చేశారా?" అని అతడడిగెను. నా నోట మాట రాలేదు. తల యూపితిని.

మఱునాడు ఆ కారును వేఱొక బండిపై నెక్కించి రావులపాలెమునకు చేర్చితిమి. అచ్చటి మెకానిక్కు ఒకప్పటి నా శిష్యుడు. అతడు చక్రము నూడదీసి చూచి, "మాస్టారూ, తిరిగేదానికి నూనె కావాలండి, ఆపేదానికి రాపిడి కావాలండి. రెండూ ఒకటి కాదండి" అనెను. ఆ దినమున గురుశిష్యుల స్థానములు తాఱుమాఱయ్యెను. అతనికడ నేర్చినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు మీకు విన్నవించుచున్నాను.

చక్రముతో కూడ తిరుగు ఇనుపపళ్లెమునకు డిస్కు అని పేరు. దానిని ఇరుప్రక్కల ఒరసికొని పట్టు బిళ్లలు ప్యాడ్లు. ఆ బిళ్లలను పట్టకారువలె నొక్కు సాధనము క్యాలిపర్. కారు పరుగునందలి శక్తి ఊరక నశింపదు. ఈ ఒరపిడిచే వేడిమిగా మాఱును. 1,200 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి నిలిచినచో, అందు పుట్టు వేడిమి ఒక లీటరు నీటిని 57 డిగ్రీలు వేడెక్కింప చాలును. వేగము ఇబ్బడియైనచో వేడిమి నాలుగింతలగును. అందువలననే వేగముగల కార్లకు గాలి తగులునట్లు తెఱపిగానున్న డిస్కుబ్రేకులు అమర్తురు. ఇంగ్లండునందలి లాంచెస్టర్ అను యంత్రశాస్త్రజ్ఞుడు 1902వ సంవత్సరమున వీనికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సు దేశపు లెమాన్ 24 గంటల పందెమున ఈ బ్రేకులుగల జాగ్వారు కారు గెలిచిన పిదప ఇవి లోకప్రసిద్ధములయ్యెను.

మఱి కూత యెందులకు? ఫిడేలు కమాను తంత్రిని పట్టుచు విడుచుచు పోవుటచే నాదము పుట్టును గదా. ప్యాడును డిస్కును అట్లే పట్టుచు జాఱుచు వణకునప్పుడు కీచుధ్వని పుట్టును. ఆ వణకునకు కారణములు పెక్కులు. ఆయుర్వేదమున రోగనిర్ణయమునకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అని ఐదు మార్గములు చెప్పబడినవి. ఉపశయమనగా ఔషధముచేతనో పథ్యముచేతనో రోగమెట్లు మాఱునో చూచి గుర్తించుట. బ్రేకు కూతకును ఎప్పుడు పుట్టును, ఎప్పుడు మానును అని చూచుటయే దారి.

ఉదయమున మొదటి రెండు మూడు మాఱులు కూసి పిదప మానినచో, అది రాత్రి మంచునకో వానకో డిస్కుపై పట్టిన పలుచని త్రుప్పు. మన డెల్టా తేమలో ఇది సహజము. దీనికి చికిత్స అక్కఱలేదు.

బ్రేకు త్రొక్కకయే కారు నడచుచుండగా కూసి, త్రొక్కినప్పుడు మాఱినచో, ప్యాడు అరిగినదేమో యని చూడవలెను. ప్యాడు పలుచనైనప్పుడు డిస్కునకు తగిలి కూయునట్లు, కొన్ని ప్యాడ్లకు చిన్న లోహపు నాలుకను తయారుచేయువారే అమర్తురు. ప్యాడునందలి ఒరపిడి పదార్థము మూడు మిల్లీమీటర్లకు దిగినచో మార్చుటయే మేలు. ఎడమప్రక్క మార్చిన కుడిప్రక్కయు మార్చవలెను; లేనిచో మాకు జరిగినట్లు బండి ఒకవైపునకు లాగును.

ప్యాడు దళముగానుండియు, మెల్లగా త్రొక్కినప్పుడు కూసినచో, దాని ముఖము వేడికి అద్దమువలె నునుపెక్కినదనియో, వెనుకనుండు పలుచని రేకు ఊడినదనియో, క్యాలిపర్ జాఱు పిన్నులు ఎండినవనియో అనుమానింపవలెను. లోహము హెచ్చుగా కలిసిన గట్టి ప్యాడ్లుగల స్పోర్ట్సు కార్లు చల్లగానున్నప్పుడు కొంత కూయుట వాని స్వభావము.

కీచుధ్వని పోయి గరగర వినవచ్చినచో ప్యాడు పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోయుచున్నదేమో. ఒక చక్రము మాత్రమే మిక్కిలి వేడెక్కి మాడువాసన కొట్టినచో క్యాలిపర్ బిగిసియుండును. ఈ రెంటియందును కారును ముందునకు నడపరాదు. నదీతీరపు ఇసుకలో తిరిగిన బండికి ఒక చిన్న రాయి డిస్కునకును వెనుకటి రేకునకును నడుమ చిక్కి కూయుటయు కలదు. దానిని తీసివేసిన చాలును.

మా కారునకు రేకు ఊడియుండెను, పిన్నులు ఎండియుండెను. నేను నూనె పోయకున్నచో స్వల్పమైన పనితో తీఱెడిది. ప్యాడు సన్నని రంధ్రములు కలది. నూనెను లోనికి పీల్చుకొనును. తుడిచిన పోదు. అందుచే రెండు ప్రక్కలను క్రొత్త ప్యాడ్లు వేయవలసివచ్చెను.

నా శిష్యుడు చేసిన పని క్రమముగా చెప్పెదను. చదునైన చోట కారు నిలిపి, తక్కిన చక్రములకు రాళ్లొడ్డి, జాకీతో ఎత్తి, జాకీని మాత్రమే నమ్మక క్రింద గట్టి ఆధారము నిలిపెను. క్యాలిపరును దాని గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టెను. ధూళిని ఊదలేదు. పూర్వము ప్యాడ్లలో ఆస్‌బెస్టాసు ఉండెడిది. అది శ్వాసకోశములకు హానికరము. నేటి ధూళియు పీల్చదగినది కాదు. అందుచే బ్రేకులకై అమ్ము ద్రవముతో తడిపి తుడిచెను. పిన్నులకును ప్యాడు వెనుకప్రక్క లోహమునకును మాత్రము, వేడికి ఓర్చు బ్రేకు గ్రీజును గోటిమీద పట్టునంత రాసెను. ప్యాడు ముఖమునకుగాని డిస్కునకుగాని లేశమైనను తగులనీయలేదు. చక్రము బిగించిన పిమ్మట, కారు కదల్పకముందే బ్రేకును గట్టిపడువఱకు పలుమాఱులు త్రొక్కెను. ఇది మఱచినచో మొదటి త్రొక్కునకు బ్రేకు అందదు.

పిదప నిర్జనమైన బాటపై గంటకు 50 కిలోమీటర్ల వేగమునుండి పదికి, నిలుపక, పదిమాఱులు తగ్గించి, నడుమ చల్లాఱనిచ్చెను. ఇట్లు చేసినచో క్రొత్త ప్యాడ్లు డిస్కునకు ఒదుగును. కారు మఱల కూయలేదు.

సోదరులారా, మన డెల్టాలో పెక్కు బాటలు కాలువగట్లపైననే పోవుచున్నవి. మన పిల్లలు కార్లును డిస్కుబ్రేకుల మోటారుసైకిళ్లును ఈ గట్లపైననే నడపుచున్నారు. బ్రేకు కూసినంతనే నూనెసీసా వెదకువాని చేయి పట్టుకొనుడు. కుక్క మొఱిగినదని దాని నోరు కట్టినవాడు దొంగకు దారి యిచ్చినవాడగును. ఎప్పుడు కూయుచున్నదో, ఏ చక్రము కూయుచున్నదో విని, తెలిసినవానికి చూపుడు. మీ చెవికి అందనిచో ఇంటిలోని పిల్లవానిని పిలిచి వినిపింపుడు. నేను ఆనాడు అంతమాత్రము చేసియున్నచో, నా మేనల్లుని ప్రాణమును మట్టిదిబ్బకు అప్పగింపకుందును.