రానక్కర్లేదన్న బీఈడీ, వెళ్లి చదివిన బీఈడీ

ఎలమంచిలి నుంచి మాట్లాడుతున్నాను. డిగ్రీ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నది ఒకటే: "అన్నా, కాలేజీకి వెళ్లకుండానే బీఈడీ అయిపోతుందట కదా, చేరిపోమంటావా?" నా సంగతి చెప్తాను, మీరే చూసుకోండి.

నేను బీఎస్సీ ఎంపీసీ. డిగ్రీ అవ్వగానే అచ్యుతాపురంలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. ఎడ్‌సెట్ రాస్తే ర్యాంకు వచ్చింది. అప్పుడే ఒక కాలేజీ తరఫున ఫోన్. "మీరు రానక్కర్లేదు, అటెండెన్సు మేం చూసుకుంటాం, రికార్డులు కూడా రాయిస్తాం, పరీక్షలకి వస్తే చాలు." జీతం పోదు, సర్టిఫికెట్ వస్తుంది. అబద్ధం ఎందుకు, సగం ఒప్పేసుకున్నాను. మా నాన్న ఆటో నడుపుతారు. రాత్రి అన్నం తింటూ, "మరి బోర్డు ముందు నిలబడ్డం ఎవరు నేర్పుతార్రా?" అన్నారు. అంతే. ఉద్యోగం మానేసి రోజూ వెళ్లే కాలేజీలో చేరాను. రెండేళ్లు ఇంట్లో నా జీతం లేదు, చెల్లి ఫీజుకి అప్పు చేశాం. అదేం చిన్న విషయం కాదు.

మెథడాలజీ దగ్గర మాత్రం తొందరపడకండి. ఎంపీసీ వాళ్లు మ్యాథ్స్ గానీ ఫిజికల్ సైన్స్ గానీ పెట్టుకోవచ్చు. రేపు డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి మీరు చదివిన సబ్జెక్టే చూస్తారు. పోనీ ఎస్జీటీకి వెళ్దాం అనుకోవడానికీ లేదు. బీఈడీతో ప్రైమరీ టీచరు అవ్వడం కుదరదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దానికి డీఎడ్ ఉండాలి.

నేను ఫిజికల్ సైన్స్ తీసుకున్నాను. రెండేళ్లలో ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. ఒక జడ్పీ హైస్కూల్లో 8వ తరగతికి ఘర్షణ పాఠం. లెసన్ ప్లాన్ పక్కాగా రాసుకెళ్లి, "ఘర్షణ కదలికని అడ్డుకుంటుంది" అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీ కుర్రాడు లేచి, "మాస్టారూ, అయితే ఘర్షణ లేకపోతే ఇంకా జోరుగా పరిగెత్తొచ్చు కదండీ?" అన్నాడు. కాదని నాకు తెలుసు. వాడికి ఎలా చెప్పాలో తెలీలేదు. "కాదు, కూర్చో" అన్నాను. ఆ "కూర్చో" గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెనక కూర్చున్న సైన్స్ మాస్టారు ఏమీ అనలేదు. మర్నాడు మూత బిగించిన సీసా, కొబ్బరినూనె పట్టుకొచ్చారు. వాడి చేతులకి నూనె రాసి మూత తియ్యమన్నారు. జారిపోతోంది, రావట్లేదు. "నేలంతా ఇలాగే ఉంటే నీ కాలు దేన్ని తన్ని ముందుకెళ్తుందిరా?" వాడు నవ్వేశాడు. నేను నవ్వలేదు.

ఫిజిక్సు రావడం వేరు, అదే ఫిజిక్సులో పిల్లాడు ఎక్కడ పొరబడతాడో తెలియడం వేరు. లీ షుల్మన్ అనే అమెరికా ప్రొఫెసర్ 1986లో దీనికి పేరు కూడా పెట్టారు, పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని. ఆ సీసా చూడకపోతే నేనూ దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసేసేవాణ్ని. ఇంట్లో కూర్చుంటే రికార్డు ఎవరైనా రాసిపెడతారు, ఆ కుర్రాడి ప్రశ్న మాత్రం మీ దాకా రాదు.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. నాకు రాలేదు. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో చెప్తున్నాను, జీతం కంపెనీలో వచ్చినదానికన్నా తక్కువే. అది కూడా లెక్కలో వేసుకోండి. ఇంటర్లో ఉన్నవాళ్లకైతే డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్ల ఐటెప్ ఉంది, ఒక ఏడాది కలిసొస్తుంది. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

రేపు నాకు ఘర్షణ పాఠమే ఉంది. కొట్టు కట్టేసేలోపు కొబ్బరినూనె కొనుక్కోవాలి. ఉంటానండి.